చిన్న వార్త, చిల్లర వార్త

(హైదరాబాద్, సుల్తాన్‌బజార్‌లోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయంలో చేసిన ప్రసంగానికి పాఠం)

సభాధ్యక్షులకు, భాషా నిలయం కార్యవర్గానికి, ఈ సాయంత్రపు రద్దీని దాటుకొని సుల్తాన్‌బజార్ దాకా వచ్చిన మీ అందరికీ నమస్కారం.

నిర్వాహకులు నాకు ఇచ్చిన అంశం ‘అల్పమైన వార్తలు, దిగజారుతున్న పత్రికా ప్రమాణాలు’. ఫోనులో అడిగినప్పుడు వెంటనే ఒప్పుకున్నాను గాని, తీరా కాగితం ముందు పెట్టుకొని కూర్చున్నాక మొదటి మాట దగ్గరే ఆగిపోయాను. ముప్పై ఏళ్ళకు పైగా పత్రికల డెస్కుల మీద ఇతరుల రాతలు దిద్దుతూ బతికినవాణ్ణి. ఆ ముప్పై ఏళ్ళలో నా చేతుల మీదుగా అచ్చుకు వెళ్ళిన వార్తల్లో చాలా భాగం అల్పమైనవే. ఒక ఊళ్ళో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి పది రోజులైనా మార్చలేదు. ఒక బడిలో నాలుగు తరగతులకు ఒకే గది ఉంది. ఒక రేషన్ దుకాణంలో కిరోసిన్ రాలేదు. ఇవి అల్పమైన వార్తలే అయితే, తెలుగు పత్రిక చేసిన మంచి పనిలో ఎక్కువ భాగం అల్పమైన పనేనని ఒప్పుకోవలసి వస్తుంది. కాబట్టి శీర్షికను కొంచెం మార్చుకుని మాట్లాడతాను. నా దృష్టిలో చిన్న వార్త వేరు, చిల్లర వార్త వేరు. చిన్న వార్త కోసం ఎవరో ఒకరు ఒక ఊరికి వెళ్ళి ఉంటారు, మర్నాడో వారం తరవాతో మళ్ళీ వెళ్ళవలసిన పని కూడా మిగిలి ఉంటుంది. చిల్లర వార్త కోసం కుర్చీలోంచి లేవనక్కర లేదు, ఇవాళ రాసేస్తే రేపు దాని మొహం చూడనక్కర లేదు.

ఇటువంటి సభల్లో గోలకొండ పత్రికను తలుచుకొని, షోయబుల్లా ఖాన్‌కు నివాళి చెప్పి, ఆ రోజులు పోయాయని నిట్టూర్చి కూర్చోవడం ఆనవాయితీ. 1948 ఆగస్టులో ఈ నగరంలోనే రజాకార్ల చేతుల్లో హతమైన ఆ ఉర్దూ సంపాదకుణ్ణి తలుచుకోవలసిందే. అయితే ఆయన పేరు చెప్పి నేటి కుర్రవాళ్ళను సిగ్గుపడమనడం మాత్రం నా వల్ల కాదు, ఎందుకంటే సిగ్గుపడవలసిన పని నేను స్వయంగా చేశాను. ముందు అది చెబుతాను.

నేను ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాల్లో జిల్లా వార్తలు బస్సులో వచ్చేవి. విలేకరి తన వార్తలను కవరులో పెట్టి, పైన పత్రిక పేరు పెద్దక్షరాలతో రాసి, సాయంత్రం హైదరాబాద్ వెళ్ళే ఆర్టీసీ బస్సు డ్రైవరు చేతికిచ్చేవాడు. ఇక్కడ బస్‌స్టాండులో మా ఆఫీసు కుర్రవాడు సైకిలు మీద వెళ్ళి ఆ కవర్లు ఏరుకొచ్చేవాడు. నల్లగొండ జిల్లా నుంచి ఒక విలేకరి నెలకు ఒకసారైనా నీళ్ళ గురించి పంపేవాడు. ఫలానా ఊళ్ళో బావి నీళ్ళు తాగి పిల్లల పళ్ళు పసుపు బారుతున్నాయనీ, నలభై ఏళ్ళకే నడుములు వంగిపోతున్నాయనీ, మోకాళ్ళు ముడుచుకుపోయిన ఆడపిల్లలకు సంబంధాలు రావడం లేదనీ రాసేవాడు. చేతిరాత బాగుండేది కాదు, వాక్యం ఎక్కడ ముగుస్తుందో తెలిసేది కాదు. ‘మళ్ళీ ఫ్లోరైడే’ అనుకొని పక్కన పెట్టేవాణ్ణి. ఒకసారి అదే కవరులో ఆ నీళ్ళ వార్తతో పాటు ఒక ఫొటో కూడా వచ్చింది, రెండు తలల దూడ పుట్టిందని. ఆ రాత్రి పేజీలో రెండు కాలాల జాగా ఉంది. దూడను వేశాను, నీళ్ళను బుట్టలో వేశాను. మర్నాడు వార్తల సమావేశంలో ఇంచార్జి ఆ ఫొటో బాగుందని మెచ్చుకున్నాడు కూడా. అప్పటికి తెలుగులో వార్తా చానళ్ళు లేవు, ఫోనులో వీడియోలు లేవు. దిగజారడానికి సాంకేతికత తప్పనిసరి కాదని చెప్పడానికే ఈ సంగతి ఎత్తాను.

అదే నల్లగొండకు 1996లో జరిగినది మీలో పెద్దవారికి గుర్తుండే ఉంటుంది. ఆ ఏడాది లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ నియోజకవర్గంలో 480 మంది అభ్యర్థులు పోటీలో నిలిచారు. దుశ్చర్ల సత్యనారాయణ నాయకత్వంలోని జలసాధన సమితి, ఫ్లోరైడ్ లేని నీళ్ళు ఇవ్వని ప్రభుత్వాల చెవిన పడేలా అరవడానికి వేరే దారి లేక, వందలాది రైతుల చేత, ఫ్లోరోసిస్ బాధితుల చేత నామినేషన్లు వేయించింది. ఎన్నికల సంఘం పోలింగును వాయిదా వేయవలసి వచ్చింది. బ్యాలెట్ పత్రం కాస్తా పుస్తకమంత అయింది. అప్పుడు దేశమంతటా పత్రికలు నల్లగొండ పేరు రాశాయి. ఏమని రాశాయి? బ్యాలెట్ ఎంత పొడవు, ఎన్ని పేజీలు, మడత ఎలా పెడతారు, పెట్టెలో ఎలా పడుతుంది, గుర్తులు అన్ని ఎక్కడ దొరుకుతాయి అని రాశాయి. మా డెస్కు మీద మేమూ అదే చేశాం. బ్యాలెట్‌ను బరువు తూచినంత పని చేశాం. నీళ్ళ సంగతి ప్రతి వార్తలోనూ ఉండేది, కాదనను, కానీ మూడో పేరాలో ఒక వాక్యంగా ఉండేది. ఆ ఎన్నికలో కమ్యూనిస్టు నాయకుడు బొమ్మగాని ధర్మభిక్షం గెలిచారు, దాదాపు అందరి ధరావతులూ పోయాయి. ఆ తరవాత కొన్ని నెలలకే పార్లమెంటు చట్టం సవరించి లోక్‌సభ అభ్యర్థి ధరావతును 500 రూపాయల నుంచి 10,000 రూపాయలకు పెంచింది. ఆ సవరణకు నల్లగొండ ఒక్కటే కారణం కాదు, ఆ ఏడాది తమిళనాడులో ఒక శాసనసభ స్థానంలో వెయ్యి మందికి పైగా నిలబడ్డారు. అయినా నా మనసులో మాత్రం ఒక ప్రశ్న ఉండిపోయింది. ఆ పోటీని మేము వింతగా చూపించాం; దేశం దాన్ని వింతగానే చూసి, వింత మళ్ళీ జరగకుండా చట్టం చేసుకుంది. నీళ్ళ వార్తగా చూపించి ఉంటే ఏం జరిగేదో చెప్పలేను. ఆ విలేకరి కవర్లు చదివి ఉంటే 480 మంది బ్యాలెట్ దాకా రావలసిన అవసరమే ఉండేది కాదేమో.

ఇక్కడ జిల్లా పత్రికల గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే చిన్న వార్తకు గౌరవం తెచ్చినవీ, దాని ప్రాణం తీసినవీ అవే. 1974లో విశాఖపట్నంలో పుట్టిన ఈనాడు 1989లో జిల్లాకొక టాబ్లాయిడ్, అంటే సగం సైజు అనుబంధం, మొదలు పెట్టినప్పుడు, మిగతావాళ్ళు కొంచెం వెనకా ముందుగా ఆ దారి పట్టారు. అంతకు ముందు హైదరాబాద్, విజయవాడ పేజీల్లో నాలుగు ముక్కలుగా దొరికే పల్లెకు ఒక్కసారిగా ఎనిమిది పేజీలు వచ్చాయి. దాని ఫలితం మూడేళ్ళలోనే కనబడింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారన్న వార్త, జిల్లా పేజీకి సరిపోయే వార్తే. కానీ దాన్ని ఎవరూ అక్కడితో వదిలిపెట్టలేదు. పక్క ఊళ్ళో ఏమైంది, వేలంపాట ఎందుకు ఆగింది, ఎక్సైజు వాళ్ళు ఏమన్నారు అని రోజూ రాశారు. నెలల తరబడి రాశారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది. ఆ నిషేధం మంచిదా చెడ్డదా, ఎందుకు నిలవలేదు అన్నది వేరే సభలో మాట్లాడుకోవచ్చు. ఒక చిన్న వార్తను వెంట నడిస్తే అది ఎంత దూరం తీసుకువెళుతుందో చూపడానికి నాకు తెలుగులో ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు.

మరి అన్ని పేజీలు రోజూ నింపేది ఎవరు? మండలానికొక కంట్రిబ్యూటరు. ఉద్యోగి కాదు, జీతగాడు కాదు. అచ్చయిన వార్తను స్కేలుతో కొలిచి సెంటీమీటరుకు ఇంత అని లెక్క కట్టి నెలాఖరున ఇచ్చే మొత్తాన్ని మా భాషలో ‘లైన్ అకౌంట్’ అంటారు. ఆ డబ్బు అతని పెట్రోలుకు కూడా చాలదు. దానికి తోడు పండక్కి ఇంత, వార్షికోత్సవానికి ఇంత అని ప్రకటనల టార్గెట్ పెడతారు. సర్పంచి దగ్గరికి ప్రకటన అడగడానికి ఉదయం వెళ్ళినవాడు, సాయంత్రం అదే సర్పంచి వేయించిన రోడ్డు నాణ్యత గురించి రాస్తాడని ఎవరైనా అనుకుంటే, చెప్పేవాడికి వినేవాడు లోకువ అని ఊరుకోవాలి. అతను రాయగలిగింది జన్మదిన వేడుకలు, కేకు కోతలు, పండ్ల పంపిణీ, ఫ్లెక్సీకి పాలాభిషేకం. టాబ్లాయిడ్ నిండుతుంది, ఎవరికీ కోపం రాదు. చిల్లర వార్త పుట్టుకకు పాఠకుడి అభిరుచిని కారణంగా చెప్పేవాళ్ళు ఒక్కసారి ఆ విలేకరి నెలాఖరు లెక్క చూస్తే బాగుంటుంది.

ఆ లెక్క పై అంతస్తుకు చేరినప్పుడు దానికి ‘పెయిడ్ న్యూస్’ అని ఇంకో పేరు వచ్చింది. 2009 ఎన్నికల్లో డబ్బు తీసుకొని అభ్యర్థుల ప్రచారాన్ని వార్తలుగా వేశారన్న ఆరోపణలపై, పత్రికల నడవడిని చూసే ప్రెస్ కౌన్సిల్ ఇద్దరు సభ్యులతో ఉపసంఘం వేసింది. వారిలో ఒకరు పరంజయ్ గుహ ఠాకుర్తా, రెండోవారు మన హైదరాబాద్ పాత్రికేయులు కె. శ్రీనివాస్ రెడ్డి. వాళ్ళు పత్రికల పేర్లతో సహా నివేదిక రాశారు. కౌన్సిల్ 2010లో ఆ పేర్లు లేని పొట్టి నివేదికను ఆమోదించి, అసలు దాన్ని పక్కన పెట్టింది. సమాచార హక్కు కింద కేంద్ర సమాచార కమిషన్ ఆదేశిస్తే గాని, 2011లో, పూర్తి పాఠం బయటికి రాలేదు. పత్రికల మీద పత్రికల వాళ్ళే రాసిన నివేదికను పత్రికల సంఘం దాచింది. ఎన్ని పత్రికలు దాన్ని మొదటి పేజీలో వేశాయో నేను చెప్పనక్కర లేదు. ప్రెస్ కౌన్సిల్‌కు మందలించే అధికారం ఉంది, శిక్షించే అధికారం లేదు, టీవీ మీద అయితే ఏ అధికారమూ లేదు.

టీవీ అన్నాను కాబట్టి అటు వెళదాం. 2003, 2004 ప్రాంతంలో ఇరవై నాలుగు గంటల తెలుగు వార్తా చానళ్ళు మొదలయ్యాయి. నిజాయితీగా చెప్పాలంటే మొదటి రెండు మూడేళ్ళు మాకు అసూయగా ఉండేది. మేము రేపు పొద్దున రాయబోయేది వాళ్ళు ఇవాళ చూపించేసేవారు. తరవాత అర్థమైంది, ఇరవై నాలుగు గంటలు ఉన్నాయి గాని ఇరవై నాలుగు గంటల వార్తలకు సరిపడా మనుషులు లేరు. పది మంది విలేకరులు తేవలసిన వార్తలకు బదులు నలుగురిని స్టూడియోలో కూర్చోబెట్టి తిట్టుకోమంటే ఖర్చు తగ్గుతుంది. 2018 ఫిబ్రవరిలో శ్రీదేవి దుబాయ్ హోటల్లో మరణించినప్పుడు ఒక తెలుగు చానల్ విలేకరి స్నానపు తొట్టిలో తాను పడుకొని, మనిషి అందులో ఎలా మునగగలదో ప్రేక్షకులకు చూపించాడు. చాలామంది అతన్ని తిట్టారు, నేనూ నవ్వుకున్నాను. తరవాత ఆలోచిస్తే నవ్వు పోయింది. దుబాయ్‌కి ఎవరినీ పంపలేదు, అక్కడి పోలీసుల భాష తెలిసినవాళ్ళు లేరు, పోస్టుమార్టం నివేదిక చదవడం వచ్చినవాళ్ళు లేరు, కానీ గంట గంటకూ ఏదో ఒకటి చూపించాలి. ఆ పరిస్థితిలో హైదరాబాద్‌లో దొరికేది స్నానపు తొట్టి ఒక్కటే.

ఇదంతా రేటింగు కోసమే అంటారు. ఆ రేటింగు ఎంత గట్టిదో కూడా చూడండి. దేశంలో టీవీ ఉన్న ఇళ్ళు ఇరవై కోట్ల దాకా ఉన్న రోజుల్లో, ఆ రేటింగులు లెక్కగట్టే బార్క్ సంస్థ కొలత మీటర్లు పెట్టిన ఇళ్ళు దాదాపు 44,000. 2020 అక్టోబరులో ముంబయి పోలీసులు రేటింగుల మోసం కేసు పెట్టాక, వార్తా చానళ్ళ వారపు రేటింగులే ఆపేశారు. అవి మళ్ళీ వచ్చింది 2022 మార్చిలో. ఆ ఏడాదిన్నర కాలంలో మీటరు భయం లేదు కదా, మన చానళ్ళు కాస్త కుదుటపడి వార్తలు చదివాయా? నాకైతే తేడా కనబడలేదు. అందుకే రోగం మీటరులో ఉందన్న వాదం నాకు పూర్తిగా రుచించదు.

పాత్రికేయ పాఠశాలల్లో మొదటి రోజు చెప్పే మాట ఒకటుంది: కుక్క మనిషిని కరిస్తే వార్త కాదు, మనిషి కుక్కను కరిస్తే వార్త. నేనూ కొత్తగా చేరిన పిల్లలకు ఈ మాట చెప్పాను, అదేదో ఉపనిషద్వాక్యం లాగా. 2023 ఫిబ్రవరిలో మన అంబర్‌పేటలో వీధి కుక్కల గుంపు ఒక నాలుగేళ్ళ బాలుణ్ణి చంపింది. ఈ సభ నుంచి అక్కడికి ఆటోలో పది, పదిహేను నిమిషాలు. ఆ రోజు తెలిసింది ఆ సూత్రం ఎంత డొల్లదో. కుక్క మనిషిని కరవడమే వార్త. రోజూ కరుస్తుండడం ఇంకా పెద్ద వార్త. నారాయణగూడ ప్రివెంటివ్ మెడిసిన్ సంస్థ దగ్గర కుక్కకాటు సూది మందు కోసం నిలబడే వరస ఏళ్ళ తరబడి అక్కడే ఉంది. అది వింత కాదు కాబట్టి మాకు కనబడలేదు. సరే, కనబడ్డాక ఏం చేశాం? ఆ సీసీ కెమెరా దృశ్యాన్ని చానళ్ళు తిప్పి తిప్పి చూపించాయి, నెమ్మదిగా ఒకసారి, గుండ్రంగా గీత గీసి ఒకసారి, వెనక సంగీతం పెట్టి ఒకసారి. ఆ తల్లి ఇంట్లో కూడా టీవీ ఉండవచ్చునన్న ఆలోచన ఎవరికీ వచ్చినట్టు లేదు. ఇదే సమయంలో పత్రికల్లో వచ్చిన వార్తల ఆధారంగా హైకోర్టు తనంతట తానుగా ఆ విషయాన్ని విచారణకు తీసుకుంది. అది రాసిన విలేకరులు తమ పని తాము చేసినట్టే. కానీ విచారణ మొదలైన ఆ రోజు నుంచే అసలు పని ఉంటుంది. కుక్కలకు కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సలు ఏ కేంద్రంలో ఎన్ని జరుగుతున్నాయి, చేసిన వైద్యులు ఎందరు, మాంసం దుకాణాల వ్యర్థాలు రాత్రి ఎక్కడ పారబోస్తున్నారు, వార్డుల వారీగా కాట్ల లెక్క ఎంత? ఇవి అడగడానికి ఒక మనిషి నెల రోజులు తిరగాలి. ఆ నెల రోజుల జీతం ఎవరి ఖాతాలోంచి రావాలన్న దగ్గర కథ ఆగుతుంది.

వర్షాల సంగతి కూడా అంతే, దాన్ని త్వరగా చెబుతాను. 2000 ఆగస్టులో నగరం మునిగింది. ఆ తరవాత నాలాల విస్తరణ మీద కిర్లోస్కర్ నివేదిక వచ్చింది. 2020 అక్టోబరు 13 రాత్రి మళ్ళీ మునిగింది. ఆ ఇరవై ఏళ్ళలో ప్రతి వానాకాలం మేము వేసిన ఫొటోలు తీసి వరసగా పెడితే కార్ల మోడళ్ళు మారడం తప్ప మరో తేడా ఉండదు. వాన వెలిశాక నాలా వెంట నడిచి, నివేదికలో ఏముంది, నేల మీద ఏముంది అని పోల్చి రాసినవాళ్ళు లేకపోలేదు. వాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. లెక్కపెట్టగలగడమే నా బాధ.

ఇక ఫోనులో వచ్చే వార్తలు. మా దూరపు బంధువుల అమ్మాయి ఒకతె మాదాపూర్‌లో ఒక వార్తల వెబ్‌సైటులో పనిచేస్తుంది. తెలుగు సాహిత్యంలో ఎం.ఏ. చేసింది, ఛందస్సు తెలుసు, ఆశువుగా కందం చెబుతుంది. ఆమె షిఫ్టులో పదిహేను ‘స్టోరీలు’ ఇవ్వాలి. ‘బాబాయ్, నేను వార్త రాయను, వార్తకు తోక కడతాను’ అంది. నటి విమానాశ్రయంలో కనబడితే దానికి ‘ఫిదా అవుతున్న నెటిజన్లు’ అని తోక. టమాటా ధర మారితే ‘తెలిస్తే షాకే’ అని తోక. ఆ నెటిజన్లు ఎందరని అడిగాను. ‘ఇద్దరు, ఒక్కోసారి ఒక్కరు’ అంది. ఆమెను నిందించడానికి నాకు నోరు రాలేదు. షిఫ్టుకు పదిహేను రాయమంటే గోలకొండ పత్రిక సంపాదకులు సురవరం ప్రతాపరెడ్డి గారు మాత్రం ఏం చేసేవారో.

ఆయన పేరు చెప్పకూడదనుకున్నాను, చెప్పేశాను, కాబట్టి ఒక్క సంగతి చెప్పి ముగిస్తాను. తెలంగాణలో కవులు పూజ్యమని అప్పట్లో ఒకరు రాశారు. పూజ్యం అంటే ఇక్కడ సున్నా. ఈ రోజుల్లో అయితే ఆ ఒక్క మాటకు మూడు రోజుల చర్చ జరిగేది, రెండు దిష్టిబొమ్మలు కాలేవి, నాలుగో రోజు అందరూ మరిచిపోయేవారు. ప్రతాపరెడ్డి గారు తన పత్రిక ద్వారా పద్యాలు పంపండని ఊరూరికీ కబురు పెట్టారు. వచ్చినవి చదివి, దిద్ది, 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. అందులో 354 మంది కవులున్నారు. ఒక చులకన మాటకు సంఖ్యతో, పేర్లతో, ఊళ్ళతో ఇచ్చిన జవాబు అది. నేను ఫాలో అప్, అంటే వార్త వెంట నడవడం, అని ఇందాకటి నుంచి చెప్పదలచుకున్నది దీన్నే, ఆ మాట ఆయన వాడి ఉండకపోయినా.

ఈ ప్రసంగానికి సిద్ధమవుతూ, నేను బుట్టలో వేసిన ఆ నీళ్ళ వార్తకు కనీసం తేదీ అయినా తెలుసుకుందామని, పాత సంచికల బైండు ఒకటి సంపాదించి రెండు మధ్యాహ్నాలు తిప్పాను. దూడ ఫొటో దొరికింది. రెండు కాలాలు, కింద పక్కన, శీర్షిక నాదే. నీళ్ళ వార్త ఎటూ ఉండదు. అలవాటు కొద్దీ తరవాతి పది రోజుల పేజీలు కూడా తిరగేశాను. దూడ గురించి మళ్ళీ ఒక్క ముక్క లేదు. అది బతికిందో చచ్చిందో కూడా మేము రాయలేదు.